పాంఫిల్ పేర పెట్టిన భోజనాలు

నవంబర్ 28, గురువారం

క్రిస్మస్ పండగకి చూడాల్సిన సినిమాల జాబితా పని మొదలుపెట్టాను. ఏటా ఈ రోజుల్లో క్రయోవా ఊళ్ళో సగం మందికి నేను గుర్తొస్తాను. "వెతూరియా మేడమ్ ఈసారి ఏ సినిమాలు చూడమంటుందో" అని బేకరీ దగ్గర కూడా అడుగుతారు. నటన నేర్పేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు గానీ వాళ్ళు చూడమన్నవి వాళ్ళ అత్తగార్లు కూడా చూడరు. గొప్పకి రాయడం లేదు, ఉన్నమాటే.

పద్ధతి మారదు. ఐదు సినిమాలు. ఒక్కోదాంట్లో చూడాల్సింది ఒక్కటే చెబుతాను. ఒక చూపో, మెట్టు దిగే తీరో, గ్లాసు కింద పెట్టడమో. కథ చెప్పను, కథ ఎవరికైనా అర్థమవుతుంది. చూసినవాళ్ళు చర్చి పక్కనున్న ఉచిత భోజనశాలకి ఏదో ఒక సరుకు తెచ్చివ్వాలి. సినిమా నచ్చితే నూనె, పంచదార. నచ్చకపోతే ఉప్పు. భోజనశాల నడిపే ప్రొఫీరా పోయినేడు నన్ను పిలిచి మరీ ఉప్పు బస్తాలు చూపించింది. "అక్కా, ఆ నాలుగో సినిమా ఎందుకు పెట్టావ్? ఈ ఉప్పంతా పోస్తే దాన్యూబ్ నది కూడా సముద్రమైపోతుంది" అంది. ఆ సినిమా మంచిదే. జనానికి తెలియలేదు.

జాబితాని ఇంటర్నెట్‌లో పెట్టేది నా శిష్యురాలు కోద్రుత్సా. ఇవాళ టైపు చేస్తూ చేస్తూ ఆగింది.

"పాంఫిల్ గారి సినిమా ఎప్పుడూ పెట్టరేం మేడమ్?"

"బాగుండదు కనక."

"నేను చూశాను. బాగుంది."

"నీకు ఇరవై రెండేళ్ళు. నీకు అన్నీ బాగుంటాయి."

'కలఫాత్ గుమాస్తా' బాగుండదు. సాగదీత. ఎన్నిసార్లు చూసినా నాకు సాగదీతగానే ఉంటుంది.

నవంబర్ 30, శనివారం

క్లాసు మధ్యలో కోద్రుత్సా ఫోను పట్టుకుని వచ్చింది. పాంఫిల్ పేజీలో ఎవరో వెలుగుతున్న కొవ్వొత్తి బొమ్మ పెట్టారు. దాని కింద వరసగా అందరూ, పోయినవాళ్ళకి అనే మాట, "దేవుడు క్షమించుగాక" అని రాసుకుంటూ పోయారు.

పాంఫిల్ పోయాడు.

క్లాసు ఆపలేదు. పిల్లలు తలుపు తీసుకుని గదిలోకి రావడం సాధన చేస్తున్నారు. "మళ్ళీ," అన్నాను. నేను నేర్పే చదువంతా ఆ ఒక్క మాటే. వాళ్ళు మళ్ళీ వచ్చారు. మళ్ళీ అన్నాను. ఎవరు ఎలా వచ్చారో నాకేమీ గుర్తులేదు.

డిసెంబర్ 1

జాతీయ సెలవు. టీవీలో కవాతు. చిక్కుడుగింజలు వండాను. ఉప్పు రెండుసార్లు పడింది. అయినా తినేశాను.

డిసెంబర్ 2

ఏడవలేదని రాసుకుందామనుకున్నాను. ఏడ్చాను. సరే, అయిపోయింది.

ఈ నటన స్కూలు పాంఫిల్, నేను కలిసి పెట్టింది. తలుపు మీద రెండు పేర్లుండేవి. మా ఇద్దరికీ పెళ్ళి కాలేదు గానీ పెళ్ళయినవాళ్ళకుండే తగాదాలన్నీ ఉండేవి. ఆ గుమాస్తా వేషంతో పాంఫిల్‌కి పేరొచ్చింది, బుకారెస్ట్ నుంచి పిలుపొచ్చింది. మూడు వారాల్లో వస్తానన్నాడు. ఎండలు మొదలయ్యాయి కదా, కోటెందుకని నా బీరువాలోనే వదిలి వెళ్ళాడు. తరవాత ఎన్ని చలికాలాలు వచ్చినా కోటు కోసం రాలేదు. తలుపు మీద అతని పేరు నేనే చాకుతో గీకేశాను.

కోటు మాత్రం ఉంచాను. మంచి ఉన్ని. ఈ రోజుల్లో అలాంటిది దొరకదు, అందుకని.

ఇప్పుడు అతని పేర పోమానా భోజనం పెట్టేదెవరు? పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. బుకారెస్ట్‌లో స్నేహితులు కొవ్వొత్తి బొమ్మలు పెడతారు గానీ ఒక్కడైనా నలుగురికి అన్నం పెట్టి, పోయినవాడి పేర ఒక గిన్నె, ఒక తువ్వాలు, ఒక కోటు దానం చేస్తాడా? ఇక్కడ ఇచ్చినవే కదా వాళ్ళకి అక్కడ ముట్టేవి. అతను నాకేం చేశాడన్నది వేరే సంగతి. చలికి వణుకుతూ ఉండాలని మాత్రం నేను కోరుకోను.

కోటు బయటికి తీశాను. ఎడమ చేతి లోపల లైనింగ్ చిరిగి సంచిలా వేలాడుతోంది. చిరిగిన బట్ట పోయినవాళ్ళ పేర ఇవ్వకూడదు. కూర్చుని కుట్టాను. కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

డిసెంబర్ 3

జాబితా పంపేశాను. మొదటి సినిమా 'కలఫాత్ గుమాస్తా'. కోద్రుత్సా నా మొహంలోకి ఒకసారి చూసి టైపు చేసుకుంటూ పోయింది. ఆ పిల్లకి బుద్ధుంది.

నేను రాసింది ఇదీ: "రేవులో టికెట్లమ్మే గుమాస్తా ఒక పొద్దున భార్యని వదిలి వెళ్ళిపోతాడు. అతను కోటు వేసుకోవడం చూడండి. ఎడమ చెయ్యి రెండుసార్లు దారి తప్పుతుంది. వెళ్ళాలనుకునే మనిషిని అతని చెయ్యే ఆపుతోంది. ఇది ఎవరూ నేర్పలేరు, నేను కూడా. నేను చూసినవాళ్ళలో ఇంతకంటే గొప్ప నటుడు లేడు. నూనె, పంచదార తెండి. ఉప్పు తెచ్చినవాళ్ళు నా క్లాసుకి రానక్కర్లేదు."

ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా రాసేశాను. మాటలు వాటంతటవే వచ్చాయి.

డిసెంబర్ 7, శనివారం

భోజనశాలలో పోమానా బాగా జరిగింది. క్రిస్మస్ ముందరి ఉపవాసాల కాలం కాబట్టి మాంసం లేదు. క్యాబేజీ ఆకుల్లో అన్నం, పుట్టగొడుగులు చుట్టించాను. పంచదార, అక్రోటు కలిపిన గోధుమల మీద శిలువ గీశాను. ఒక్కో రొట్టెకీ ఒక కొవ్వొత్తి. ఒక్కొక్కరికీ ఇస్తూ "పాంఫిల్ పేర" అన్నాను. వాళ్ళు తీసుకుని "దేవుడు క్షమించుగాక" అన్నారు.

కోటు ఇలారియోన్‌కి ఇచ్చాను. ట్రాముల మరమ్మతు పని చేసి రిటైరయిన మనిషి, రోజూ అక్కడే తింటాడు, రోజూ వంటకి వంకలు పెడతాడు. ఎడమ చెయ్యి లోపలికి నేరుగా పోయింది. "నా కొలతలకే కుట్టించుకున్నట్టున్నాడు పుణ్యాత్ముడు! దేవుడు క్షమించుగాక" అని, వెంటనే జేబులు తడుముకుంటూ "ఏమీ పెట్టి పోలేదే?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డిసెంబర్ 8

చాలా రోజులకి బాగా నిద్రపట్టింది. చెయ్యాల్సింది చేశాను.

డిసెంబర్ 10

ఫోను మోగింది.

"నేను చచ్చిపోయానట కదా వెతా."

నన్ను వెతా అని పిలిచేవాడు ఒక్కడే. ఫోను పెట్టేశాను. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. మళ్ళీ మోగింది.

"పెట్టెయ్యకు. గుండె ఆపరేషనైంది. ప్రార్థన చెయ్యండని మావాడొకడు కొవ్వొత్తి బొమ్మ పెట్టాడు. మిగతా వెధవలు నన్ను చంపేశారు. మత్తు దిగి ఫోను చూసుకుంటే ఊరంతా నన్ను క్షమించేసి కూచుంది."

"బతికే ఉన్నానని చెప్పొచ్చుగా!"

"చెబ్దామనే అనుకున్నా. అంతలో నీ జాబితా వచ్చింది. ఇంకో నాలుగు రోజులు చచ్చిపోయే ఉందామనిపించింది."

ఏమనాలో తోచలేదు. నాకు! మాట తోచని శిష్యులని నేను క్లాసులోంచి లేచిపొమ్మంటాను.

"ఒక్కటి చెప్పు వెతా. బాగుందని రాశావా, పోయాడు కదా పాపం అని రాశావా?"

"నేను అబద్ధాలు రాయను."

"అయితే నేను బతికుండగా కూడా చెప్పు అదే మాట."

"ఫోన్లో చెప్పను."

"అయితే వస్తున్నా. నా కోటుందా నీ దగ్గర? ఇక్కడ చలి చంపేస్తోంది."

వినపడనట్టు పెట్టేశాను.

డిసెంబర్ 11

పొద్దున్నే ప్రొఫీరా దగ్గరికెళ్ళి చెప్పాను. శిలువ గీసుకుంది. ఇంకోసారి గీసుకుంది.

"బతికున్నవాడికి తద్దినం పెట్టించావా నాచేత! ఆయుష్షు తరిగిపోతుందక్కా ఆయనకి."

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మమ్మ."

"మీ అమ్మమ్మ డాక్టరా?"

"ఆమెకి తొంభై ఆరేళ్ళు. నీ డాక్టర్లెవరూ అన్నేళ్ళు బతకలేదు."

కోటు వెనక్కి తీసుకుని ఇలారియోన్‌కి వేరేది కొనిస్తే ఎలా ఉంటుందని అడిగాను. ప్రొఫీరా గరిటె కింద పెట్టింది. ఇచ్చింది ఇచ్చిందే, దాన్ని తాకితే ఇద్దరికీ మంచిది కాదంది. తనే ఒక దారి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ముసలివాళ్ళు బతికుండగానే తమ పోమానా తామే పెట్టుకుంటారు. మనిషి తన బల్ల దగ్గర తనే కూర్చుని, తన చేత్తో వడ్డించి, వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే క్షమాపణ అడుగుతాడు. పాంఫిల్ అలా చేస్తే నేను పెట్టింది కూడా అతను పెట్టుకున్నట్టే అవుతుంది.

"అందరినీ అడగాలి. ముఖ్యంగా ఎవరికి అన్యాయం చేశాడో వాళ్ళని," అంది నా వంక చూడకుండా, ఉల్లికాడలు తరుగుతూ.

డిసెంబర్ 14, శనివారం

వచ్చాడు. జుట్టు తెల్లబడింది, పొగరు మాత్రం అలాగే ఉంది. పల్చటి జాకెట్టు, ఎడమ చెయ్యి జేబులో. స్టేషన్ నుంచి స్కూలు దాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఈ వయసులో కూడా స్టయిలు.

"కోటేది?" అన్నాడు.

"నీకే పంపించాను. పైకి."

చెప్పాల్సిందంతా చెప్పాను. రొట్టెలు, కొవ్వొత్తులు, ఇలారియోన్. రోడ్డు మధ్యలో ఆగిపోయి, ఛాతీ పట్టుకుని మరీ నవ్వాడు. "నవ్వించకు, కుట్లు లాగుతున్నాయి" అని నన్నే తిట్టాడు.

మధ్యాహ్నం స్కూల్లో శిష్యులందరికీ సినిమా వేశాను. పాంఫిల్ వెనక వరసలో కూర్చున్నాడు. కోటు వేసుకునే ఘట్టం వచ్చింది. ఒక చెయ్యి దారి తప్పింది, మళ్ళీ తప్పింది. వెనక వరసలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

అయ్యాక వంటింట్లో టీ పెడుతూ అడిగాను, ఎందుకు నవ్వావని.

"నిజం చెబితే కొట్టకూడదు."

"చెప్పు."

"అది నటన కాదు వెతా. ఆ సినిమాలో నేనేసుకుంది నా కోటే. ఎడమ చేతి లైనింగ్ చిరిగుంది. ఆ చలికాలమంతా కుట్టిపెట్టవే, కుట్టిపెట్టవే అని నీ ప్రాణం తీశాను, గుర్తుందా? నువ్వు రేపు అన్నావు. షూటింగ్‌లో చెయ్యి ఆ చిరుగులో ఇరుక్కుంది. అంతే. నువ్వు ఈ దేశానికంతటికీ చూడండని రాసింది నీ బద్ధకాన్ని."

టీ పొంగి స్టవ్ మీద పడింది.

"ఇప్పుడెలా ఉంది ఆ లైనింగ్?" అన్నాడు.

"కుట్టాను."

"ఎప్పుడు?"

"నువ్వు పోయాక."

ఈసారి అతను నవ్వలేదు.

డిసెంబర్ 15

అబద్ధపు నటనని వీధి చివరినుంచి పట్టేస్తానని పేరు నాకు. చిరిగిన గుడ్డని చూసి ప్రపంచంలో ఇంతకంటే గొప్ప నటన లేదన్నాను.

కోద్రుత్సా వచ్చి "మొదటి సినిమా తీసేద్దామా మేడమ్?" అంది. అన్నీ విని ఉంటుంది, మా వంటింటి గోడ కాగితమంత పల్చన. ఆలోచించి చెబుతానన్నాను. భోజనశాల కొట్టులో నడవడానికి చోటు లేదు, అంతా నూనె, పంచదార. ఉప్పు ఒక్కటంటే ఒక్క పొట్లం కూడా రాలేదు. ఎవరో మొత్తం ఒక చీజ్ గుండు తెచ్చిపెట్టి "గుమాస్తా కోసం" అని చీటీ అంటించారు.

ఆ ముక్క మళ్ళీ వేసుకుని చూశాను. మళ్ళీ. మళ్ళీ.

లైనింగ్ కుట్టకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ చెయ్యి ఇరుక్కున్నప్పుడు ఇంకెవడైనా కెమెరా వైపు చూసి ఆగిపోయేవాడు. ఇతను ఆగలేదు. రెండోసారి తోశాడు. అదీ కుదరక, తల తిప్పి భార్య వైపు చూశాడు, సాయం చెయ్యమన్నట్టు. ఎవరిని వదిలి వెళ్ళిపోతున్నాడో ఆమెనే. ఆ చూపు లైనింగ్ చూసిన చూపు కాదు.

సినిమా జాబితాలోనే ఉంటుంది. ఒక్క అక్షరం మార్చను. నేను పొరపడలేదు, చూడాల్సిన చోటుకి కాస్త పక్కన చూపించాను, అంతే. ఇది పాంఫిల్‌కి చెప్పక్కర్లేదు. పొంగిపోతాడు.

డిసెంబర్ 17

భోజనశాలలో పాంఫిల్ తన పోమానా తను పెట్టుకున్నాడు. నటుడు కదా, చనిపోయినవాడి వేషం బాగా కట్టాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కంచంలో వడ్డించాడు, ఒంటి చేత్తో.

"రెండు చేతులతో వడ్డించు, మర్యాదగా," అన్నాను.

"మర్యాద ఈ చేతిలోనే ఉంది, ఆ చెయ్యి ఖాళీ," అన్నాడు. జనం నవ్వారు.

ఇలారియోన్ కోటు విప్పబోయాడు. "బాబూ, నువ్వు బతికే ఉన్నావు కదా, నీ సొత్తు నువ్వు తీసుకో. నాకు ఈ పాపం వద్దు."

"ఉంచుకో పెద్దాయనా. అది పైకి చేరిపోయిన కోటు. నేను వెళ్ళేసరికి వెచ్చబడి ఉంటుంది," అన్నాడు పాంఫిల్. ఇలారియోన్‌కి అది నచ్చింది. గుండీలు మళ్ళీ పెట్టుకుని "క్యాబేజీ ఉడకలేదు" అన్నాడు.

ప్రొఫీరా దానాల మూటలోంచి గోధుమరంగు కోటొకటి తీసి పాంఫిల్‌కి ఇచ్చింది. ఎవరో పోయినవాళ్ళ పేర వచ్చింది. ఆ తెలియని మనిషి కోసం పాంఫిల్ "దేవుడు క్షమించుగాక" అన్నాడు, అందరిలాగే తల వంచి. అప్పుడు మాత్రం వేషం లేదు.

తరవాత క్షమాపణలు. బల్ల చుట్టూ ఒక్కొక్కరి ముందూ ఆగాడు. "నన్ను క్షమించండి," అంటే వాళ్ళు "దేవుడు క్షమించుగాక" అన్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా మనస్ఫూర్తిగా అన్నారు. చివరికి నా ముందుకొచ్చాడు.

"వెతూరియా, నన్ను క్షమించు."

"దేవుడు క్షమించుగాక," అన్నాను.

అక్కడినుంచి కదల్లేదు. "దేవుడి సంగతి సరే. నువ్వు?"

"నీ వంతు అయిపోయింది. పులుసు చల్లారుతోంది, వడ్డించు."

అందరూ నవ్వారు. ప్రొఫీరా నవ్వలేదు. పాంఫిల్ తల ఊపి, గరిటె తీసుకుని వెళ్ళిపోయాడు.

చెప్పాల్సింది. పోయాడనుకున్నప్పుడు ఎంత సులువుగా వచ్చాయి మాటలు! ఊరందరికీ చెప్పాను, గొప్ప నటుడని రాశాను, లైనింగ్ కుట్టాను. ఎదురుగా నిలబడి అడుగుతుంటే పులుసు చల్లారుతోందన్నాను. నామీద నాకే కోపంగా ఉంది.

డిసెంబర్ 18

దుస్తుల గదిలో మడత మంచం మీద పడుకుంటున్నాడు. రాజుల కిరీటాల మధ్య బాగా నిద్రపడుతోందట. రేపు సాయంత్రం రైలు. ఉండమని నేను అనలేదు. ఉంటానని అతను అనలేదు.

డిసెంబర్ 19, గురువారం

సంచి సర్దుకున్నాడు. టాక్సీ వచ్చి కింద హారన్ కొడుతోంది. గోధుమరంగు కోటు కుర్చీ మీదనుంచి తీసుకుని కుడి చెయ్యి దూర్చాడు. ఎడమ చెయ్యి వెనక్కి తీసుకెళ్ళాడు. తప్పింది. ఇంకోసారి తీసుకెళ్ళాడు. తప్పింది.

నాకు ఒళ్ళు మండింది. నా వంటింట్లో, నా ఎదురుగానే, ఆ ముక్క ఆడి చూపిస్తున్నాడు.

"చాల్లే. నా దగ్గర వెయ్యకు ఆ వేషం."

తల తిప్పి నన్ను చూశాడు.

"వేషం కాదు వెతా. ఆపరేషన్ తరవాత ఈ చెయ్యి పైకి లేవట్లేదు. వస్తుందంటున్నారు. మెల్లగా వస్తుందట, రోజూ ఎవరైనా పట్టుకుని చేయిస్తే."

స్టేషన్ దగ్గర జేబులో చెయ్యి. ఒంటి చేత్తో వడ్డన. ఐదు రోజులుగా నా కళ్ళ ముందే ఉన్నాడు. ఏది నటనో, ఏది కాదో నాకు తెలుస్తుందని తలుపు మీద బోర్డు పెట్టుకున్నదాన్ని.

దగ్గరికి వెళ్ళాను. అతని మణికట్టు పట్టుకుని, కోటు చెయ్యి కిందికి దించి, నెమ్మదిగా లోపలికి పంపించాను. భుజం దగ్గర నొప్పికి పళ్ళు బిగించాడు. వేళ్ళు అవతలికి వచ్చాయి. గుండీలు కూడా నేనే పెట్టాను. కింద టాక్సీవాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు.

"వెళ్ళొస్తా," అన్నాడు.

"కోటు విప్పు," అన్నాను.

"ఎందుకు?"

"బాగా రాలేదు. మళ్ళీ."

నా మొహంలోకి చూశాడు. గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. నేను కిటికీ తీసి టాక్సీని పొమ్మన్నాను. వాడు తిట్టిన తిట్టు ఇక్కడ రాయను. తిరిగి వచ్చి కోటు పట్టుకున్నాను.

మళ్ళీ.

రైలు వెళ్ళిపోయింది. రేపు ఇంకోటుంది. ఎల్లుండీ ఉంది.